గ్రామ పంచాయతీ ఎన్నికలు - ఊరి పరిసరములు

గ్రామ పంచాయతీకి సర్పంచ్‌గా ఎన్నిక కాగోరు వ్యక్తి ఓటర్లకు అనేక వాగ్దానములు చేయును. కుళాయి నీరు, మురుగు కాలువ, చెత్త తొలగింపు, వరద రక్షణ, రోడ్డు వెంట చెట్లు - ఇట్టి వానిలో పెక్కు ఊరి పరిసరములకు సంబంధించినవే. నీటిని, నేలను, గాలిని గూర్చిన ప్రతి వాగ్దానము వెనుకను కొంత శాస్త్రము ఉన్నది. ఆ శాస్త్రము కొంచెము తెలిసినచో ఏ మాట నెరవేరదగినదో, ఏది మాటగానే మిగిలిపోవునో ఓటు వేయుటకు ముందే గుర్తింపవచ్చును.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో గ్రామ పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగినవి. ఈ ఎన్నికలలో రాజకీయ పక్షముల గుర్తులు ఉండవు. సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకొందురు. పక్షమే లేనప్పుడు పక్షపు ప్రణాళిక కూడ ఉండదు. అభ్యర్థి ఇంటింటికి తిరిగి చెప్పిన మాటయే ఆయన ప్రణాళిక. ఆ మాట మీద నమ్మకముతో అయిదు సంవత్సరముల అధికారము అప్పగింపబడును. కావున ఆ మాటను పరీక్షించు పద్ధతి పల్లెవాసులకు తెలిసియుండుట అవసరము. గోదావరి ఒడ్డునగల పట్టిసీమను ఉదాహరణగా తీసికొని ఆ పద్ధతిని పరిశీలింతము.

పట్టిసీమ ఉన్న చోటు

పాపికొండల నడుమ ఇరుకుగా ప్రవహించిన గోదావరి, పోలవరము దాటిన తరువాత విశాలమై మైదానములోనికి వచ్చును. అచ్చట కుడి ఒడ్డున, పోలవరము మండలములో, పట్టిసీమ గ్రామము ఉన్నది. పూర్వము పశ్చిమ గోదావరి జిల్లాలోనిదైన ఈ మండలము 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. ఊరికి ఎదురుగా ఏటి నడుమ దేవకూటాద్రి అను చిన్న గుట్టపై వీరభద్రస్వామి ఆలయము కలదు. ఏరు నిండుగా ఉన్నప్పుడు యాత్రికులు పడవపై పోవుదురు. వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడును. మహాశివరాత్రికి వేలకొలది జనము ఇచ్చటికి వచ్చును.

ఊరికి ఎగువన పోలవరము ప్రాజెక్టు, దిగువన ధవళేశ్వరము ఆనకట్ట ఉన్నవి. పట్టిసీమ ఎత్తిపోతల పథకము 2015లో ప్రారంభమై 2016లో పూర్తియైనది. ఇందులో 24 పంపులు గోదావరి నీటిని పైకెత్తి పోలవరము కుడి కాలువలో పోయగా, ఆ నీరు కృష్ణా నదిని చేరును. ఇంత చిన్న ఊరి చుట్టును ఇన్ని పెద్ద నిర్మాణములున్న తావులు అరుదు. అందుచేతనే ఇచ్చట సర్పంచ్ చేయగల పని ఏది, చేయలేని పని ఏది అను విచారణ మరింత ముఖ్యమైనది.

అధికారమునకు మూడు వలయములు

రాజ్యాంగమునకు చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితోపాటు చేర్చబడిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు చెప్పబడినవి. త్రాగునీరు, పారిశుద్ధ్యము, చిన్నతరహా నీటిపారుదల, సామాజిక అడవుల పెంపకము, వంటచెరకు, పశుగ్రాసము, ఉమ్మడి ఆస్తుల రక్షణ మొదలైనవి అందులోనివి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టము 1994లో వచ్చినది.

ఈ విషయములను మూడు వలయములుగా ఊహించుకొన్నచో సులభముగా బోధపడును. మొదటి వలయములోనివి పంచాయతీ స్వయముగా చేయగల పనులు: వీధులు ఊడ్చుట, చెత్త సేకరించుట, మురుగు కాలువలు బాగుచేయుట, నీటి ట్యాంకును కడిగించుట, నీటిలో క్లోరిన్ కలుపుట. రెండవ వలయములోనివి ఇతర శాఖలతో కలిసి చేయవలసినవి: క్రొత్త నీటి పథకము, ఆలయము వద్ద ఉత్సవపు ఏర్పాట్లు, వరద సమయమున జనమును తరలించుట. మూడవ వలయములోనివి పంచాయతీ కేవలము కోరగలిగినవి, తీర్మానించి పంపగలిగినవి: వరదగట్టు ఎత్తు, ఆనకట్ట తలుపుల నిర్వహణ, పంపులు నడుపు వేళలు, ఇసుక తవ్వకపు అనుమతులు.

మూడవ వలయములోని పనిని మొదటి వలయములోని పనివలె వాగ్దానము చేయు అభ్యర్థి తెలియక చెప్పుచున్నాడో, తెలిసియే చెప్పుచున్నాడో అడిగి తెలిసికొనవలెను. అట్లని మూడవ వలయమును విడిచిపెట్టరాదు. ఊరి గొంతు పైకి వినబడవలెనన్నచో సర్పంచ్ మాటలాడవలసినదే. కాని "ఆపుదును" అనుటకును, "ఆపవలసినదని తీర్మానము చేయించి, లెక్కలతో సహా పంపుదును" అనుటకును చాల భేదము ఉన్నది.

వరదను గూర్చిన లెక్క

ఏటియొడ్డు ఊళ్ళలో వరద పెద్ద భయము. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగుల మట్టమును, 2022 జూలైలో 71.3 అడుగుల మట్టమును చేరినది. ఈ భయము నుండియే "వరద నీటిని పంపులతో తోడించి ఊరిని కాపాడుదును" వంటి మాట పుట్టవచ్చును. దీనిని చిన్న భాగహారముతో పరీక్షింపవచ్చును.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ప్రవహించినచో దానిని ఒక క్యూసెక్కు అందురు. పట్టిసీమ పంపులన్నియు కలిసి ఎత్తగలిగినది సుమారు 8,500 క్యూసెక్కులు. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 17 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 17 లక్షలను 8,500తో భాగించినచో 200 వచ్చును. అనగా పంపులన్నియు ఒకేసారి నడచినను అట్టి వరదలో రెండువందలవ వంతు నీటిని మాత్రమే తీయగలవు. కడివెడు నీటిలో గరిటెడు తీసినట్లే. ఏటి మట్టములో గుర్తింపదగిన మార్పు రాదు.

అయితే ఆ పంపులు చిన్నవని దీని అర్థము కాదు. రోజంతయు నడచినచో అవి సుమారు 73 కోట్ల ఘనపుటడుగుల నీటిని ఎత్తును. టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. పథకము ఉద్దేశించిన 80 టి.ఎం.సి.ల నీటిని తరలించుటకు ఈ లెక్కన దాదాపు 109 రోజులు పట్టును. పొలమునకు చాల పెద్దదైన పరిమాణము వరదకు చాల చిన్నది. ఏ సంఖ్యనైనను మరియొక సంఖ్య ప్రక్కన పెట్టి చూచినప్పుడే దాని విలువ తెలియును.

ఇక వరద విషయమున సర్పంచ్ నిజముగా చేయగల పనులు ఏవి? పాత వరదలలో నీరు ఎంతవరకు వచ్చినదో బడి గోడపైన, కరెంటు స్తంభములపైన రంగుతో గుర్తులు వేయింపవచ్చును. ఏ మట్టమునకు ఏ వీధి మునుగునో చూపు పటము గీయించి పంచాయతీ కార్యాలయములో తగిలింపవచ్చును. ఎగువన భద్రాచలము వద్ద నీరు పెరిగినప్పుడు అది పట్టిసీమకు చేరుటకు కొన్ని గంటల వ్యవధి ఉండును. ఆ వ్యవధిలో వృద్ధులను, గర్భిణీ స్త్రీలను, పశువులను ఎవరు ఎచ్చటికి చేర్చవలెనో ముందుగానే పేర్లతో సహా వ్రాసి ఉంచవచ్చును. వీనికి పెద్ద ధనము అక్కరలేదు. ప్రాణరక్షణకు మాత్రము ఇవి ఎంతయో తోడ్పడును.

త్రాగునీరు: చివరి కుళాయి పరీక్ష

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ పథకము గ్రామీణ కుటుంబము ప్రతిదానికి కుళాయిని, మనిషికి రోజునకు 55 లీటర్ల నీటిని లక్ష్యముగా పెట్టుకొన్నది. వెయ్యిమంది ఉన్న పేటకు ఈ లెక్కన 55,000 లీటర్లు కావలెను. కావున "ఇంటింటికి కుళాయి ఇత్తును" అను అభ్యర్థిని అడుగవలసిన మొదటి ప్రశ్న కుళాయిల సంఖ్య కాదు. ట్యాంకు ఎన్ని లీటర్లది, రోజునకు ఎన్నిసార్లు నిండును, వీధి చివరి ఇంటికి నీరు ఎంతసేపు వచ్చును అని అడుగవలెను.

రెండవ ప్రశ్న నీటి శుభ్రతను గూర్చినది. కంటికి తేటగా కనబడిన నీటిలోను రోగకారక సూక్ష్మజీవులు ఉండవచ్చును. త్రాగునీటికి సంబంధించిన భారత ప్రమాణము ప్రకారము 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ. కోలై అను బాక్టీరియా ఒక్కటియు కనబడరాదు. ఇది మనుష్యుల, పశువుల ప్రేవులలో నివసించునది. నీటిలో ఇది కనబడినచో ఆ నీటిలో మలము కలిసినదని గ్రహింపవలెను.

దీనికి విరుగుడు క్లోరిన్. ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కలుపదలచితిమనుకొందము. 60,000 లీటర్ల ట్యాంకునకు 120 గ్రాముల క్లోరిన్ కావలెను. బ్లీచింగ్ పౌడరులో నూటికి 25 పాళ్ళు క్లోరిన్ ఉన్నచో 480 గ్రాముల పొడి సరిపోవును. కాని తేమ తగిలి నిలువయున్న పొడి బలము తగ్గిపోవును. అందులో క్లోరిన్ సగమునకు పడిపోయినచో అదే ట్యాంకునకు 960 గ్రాములు వేయవలెను. వరద దినములలో నీరు బురదగా ఉన్నచో ఆ మలినములే క్లోరిన్‌ను కొంత హరించివేయును. కావున "పొడి వేసినాము" అను మాట ప్రమాణము కాదు. కలిపిన తరువాత కనీసము అరగంట ఆగి, ఊరి చివరి కుళాయి వద్ద పరీక్షించినప్పుడు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకను మిగిలియుండవలెను. ఇదియే ప్రమాణము. నీటి నమూనాలో రంగు పుట్టించి, ఆ రంగును పట్టీతో పోల్చి చూచు చిన్న పరీక్షా పెట్టె సహాయముతో ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ దీనిని కొలువగలడు.

"స్వచ్ఛమైన నీరు ఇత్తును" అనుటకు బదులు "వారమునకు ఒకసారి చివరి కుళాయి నీటిని పరీక్షించి, ఆ అంకెను నోటీసు బోర్డుపై వ్రాయింతును" అని అభ్యర్థి చెప్పినచో ఆ వాగ్దానమును ఊరివారందరు తనిఖీ చేయగలరు. కొలువదగిన వాగ్దానమే నిజమైన వాగ్దానము.

చెత్త, శివరాత్రి, పడవ

ఊరి చెత్తను గూర్చి మాట్లాడుటకు ముందు దానిని తూచి చూడవలెను. పది ఇండ్లను ఎన్నుకొని, ఏడు దినములు తడి చెత్తను, పొడి చెత్తను వేరువేరుగా తూచినచో సగటు తెలియును. దానిని ఇండ్ల సంఖ్యతో హెచ్చించినచో ఊరి మొత్తము తేలును. ఈ లెక్క లేకుండ ఎన్ని బండ్లు కావలెనో, ఎంత గొయ్యి త్రవ్వవలెనో చెప్పుట సాధ్యము కాదు.

తడి చెత్త ఎరువగుట సూక్ష్మజీవుల పని. వానికి ఆహారముగా కర్బనము, నత్రజని రెండును కావలెను. కర్బనము సుమారు 25 నుండి 30 పాళ్ళు, నత్రజని ఒక పాలు ఉన్నప్పుడు పని చురుకుగా సాగును. ఎండుటాకులు, గడ్డి కర్బనమును, పేడ, కూరగాయల తొక్కలు నత్రజనిని ఎక్కువగా ఇచ్చును. తేమ నూటికి 50 నుండి 60 వరకు ఉండవలెను. కుప్ప సరిగా పనిచేయునప్పుడు లోపల వేడి 55 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. ఆ వేడికి రోగక్రిములు, కలుపు విత్తనములు చాలవరకు నశించును. చేయి దగ్గరకు పెట్టినప్పుడు వేడి తగులని కుప్ప ఎరువుగా మారుట ఆలస్యమగును. దానికి గాలియో, తేమయో, పేడయో తక్కువైనదన్నమాట.

పట్టిసీమకు శివరాత్రి ప్రత్యేకమైన పరీక్ష. ఆ దినములలో పూలు, అరటి ఆకులు, కొబ్బరి చిప్పలు, నీటి సీసాలు, టీ కప్పులు ఒక్కసారిగా పోగుపడును. పూలు, ఆకులు కొన్ని వారములలో ఎరువగును. కొబ్బరి పీచులో లిగ్నిన్ అను గట్టి పదార్థము ఉన్నందున అది కుళ్ళుటకు చాల కాలము పట్టును. దానిని వేరుచేసి పీచుగా వాడుకొనుట మంచిది. ప్లాస్టిక్ కుళ్ళదు. అది ముక్కలై ఏటిలో కలిసి దిగువకు పోవును. ప్లాస్టిక్ పళ్ళెములు, కప్పులు, చెంచాలు, గొట్టములు మొదలైన ఒక్కసారి వాడి పారవేయు వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషేధించినారు. నిషేధము ఢిల్లీలో వెలువడినను దాని అమలు రేవులోని దుకాణము వద్దనే జరుగవలెను.

గుట్ట చుట్టును నీరున్నది కనుక ఇచ్చట ఒక సౌకర్యము ఉన్నది. ఏరు నిండుగా ఉన్నంతకాలము గుట్టపైకి పోవు ప్రతి వస్తువును పడవపైననే పోవును. పడవపై వెళ్ళినది పడవపైననే తిరిగి రావలెనను నియమము పెట్టి, రేవులో సంచులను లెక్కించినచో ఏటిలో పడునది ఎంతో తగ్గును. ఇది రెండవ వలయములోని పని. ఆలయాధికారులు, పడవవారు, దుకాణదారులు కలిసిరావలెను. వారందరిని పండుగకు నెల ముందుగా కూర్చుండబెట్టుదునని చెప్పు అభ్యర్థి పనిని గూర్చి ఆలోచించినవాడని భావింపవచ్చును.

చెత్తను కుప్పగా పోసి తగులబెట్టుట మాత్రము శుభ్రత కాదు. నేలమీది మలినము గాలిలోనికి మారుట మాత్రమే. పి.వి.సి. జాతి ప్లాస్టిక్ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు వంటి విషపదార్థములు వెలువడును. చెత్తకుప్ప కనబడకుండపోయినంత మాత్రమున వాగ్దానము నెరవేరినదని అనుకొనరాదు. ఆ చెత్త ఎచ్చటికి పోయినదో అడుగవలెను.

మురుగు, మరుగుదొడ్డి, దోమ

వంటింటి నీరు, స్నానపు నీరు వీధిలో నిలిచినచో దోమలు పెరుగును. వేసవి వేడిలో దోమ గ్రుడ్డు నుండి రెక్కల పురుగుగా మారుటకు సాధారణముగా వారము నుండి పది దినములు పట్టును. అందుచేతనే వారమునకు ఒకసారి తొట్లను, కుండలను ఆరబెట్టుడని ఆరోగ్య శాఖవారు చెప్పుదురు. పదునైదు దినములకు ఒకసారి ఆరబెట్టినచో ఈలోపల ఒక తరము దోమలు ఎగిరిపోయియుండును. మందు చల్లించుదుననుటకంటె నీరు నిలువకుండ చేయుదుననుట మేలైన వాగ్దానము.

ఇంటింటికి ఇంకుడు గుంత త్రవ్వించుట మంచి పద్ధతియే. కాని ఏటియొడ్డు ఊళ్ళలో ఒక జాగ్రత్త అవసరము. వర్షాకాలములో అచ్చటి భూగర్భజలము చాల పైకి వచ్చును. గుంత అడుగు నీటిమట్టమును తాకినచో మురుగు వడగట్టబడకయే నేరుగా ఆ నీటిలో కలియును. మరుగుదొడ్ల గుంతల విషయములోను ఇంతే. త్రాగునీటి బావికి, మరుగుదొడ్డి గుంతకు నడుమ సామాన్యముగా పది మీటర్లకు తక్కువ కాని దూరము ఉండవలెను. రెండు గుంతల మరుగుదొడ్డిలో ఒకటి నిండిన తరువాత దానిని మూసి, రెండవదానిని వాడుదురు. మూసిన గుంతలోనిది ఏడాది, రెండేండ్లు గడచిన తరువాత ఎరువుగా మారును. ఎన్ని మరుగుదొడ్లు కట్టినారు అను సంఖ్యతో పాటు, అవి బావులకు ఎంత దూరమున ఉన్నవి అను సంఖ్య కూడ కావలెను.

ఇసుక, గట్టు

ఇసుక కేవలము ఇండ్లు కట్టు సామగ్రి కాదు. ఏటి అడుగునగల ఇసుకపొర నీటిని పట్టి ఉంచు స్పంజి వంటిది. ఒడ్డున ఉన్న బావులకు, ఊటబావులకు ఆ పొర నుండియే నీరు వడగట్టబడి చేరును. ఇసుకను లోతుగా తవ్వినచో ఏటి అడుగు దిగిపోవును. దానితోపాటు ఒడ్డు బావులలో నీటిమట్టము కూడ దిగును. అంతేకాక, గట్టు మొదలు వద్ద లోతు పెరిగినందున గట్టు నిలువుగా నిలిచి, వరద తగ్గు సమయమున తడిసిన మట్టి జారి కూలిపోవును.

పెద్ద ఆనకట్టల దిగువన దీని ప్రమాదము ఎక్కువ. జలాశయములో నీరు నిలిచినప్పుడు దానితో వచ్చిన ఇసుక అడుగున చేరును. దిగువకు పోవు నీటిలో ఇసుక తక్కువగును. అట్టి నీరు తన బరువును పూరించుకొనుటకు దిగువ ఏటి అడుగును కోయును. ప్రపంచములో అనేక నదులపై ఇది గమనింపబడినది. క్రొత్తగా వచ్చు ఇసుక తగ్గినచోట ఉన్న ఇసుకను తీయుటలో మరింత జాగ్రత్త అవసరము.

ఇసుక తవ్వకమునకు అనుమతులు ఇచ్చునది పంచాయతీ కాదు. అయిదు హెక్టారుల లోపు చిన్న తవ్వకములకు కూడ పర్యావరణ అనుమతి ఉండవలెనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, నేల, చెట్ల రక్షణకై 2002లో ప్రత్యేక చట్టము కూడ చేయబడినది. కావున "ఇసుకను ఊరికే తోలుకొననిత్తును" అను వాగ్దానముగాని, "ఒక్క బండిని పోనీయను" అను వాగ్దానముగాని సర్పంచ్ అధికారములో లేనివే. బావుల నీటిమట్టమును నెలనెల కొలిపించి పుస్తకములో వ్రాయించుట, గట్టు తెగిన చోట్లను తేదీలతో గుర్తించుట, అనుమతి పత్రములోని హద్దులను గ్రామసభలో చదివి వినిపించుట మాత్రము ఆయన చేతిలోనివే. అధికారుల ముందు ఊరి తరఫున నిలువగలిగినది ఈ పుస్తకమే.

నాటిన చెట్లు, బ్రతికిన చెట్లు

చెట్లను గూర్చిన వాగ్దానములో నాటిన మొక్కల సంఖ్యయే సాధారణముగా చెప్పబడును. నాటిన మూడవ సంవత్సరమున ఎన్ని బ్రతికియున్నవో చెప్పువారు తక్కువ. తెలంగాణలో 2018 నాటి పంచాయతీ రాజ్ చట్టము, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికియుండవలెనని సర్పంచ్‌కు, కార్యదర్శికి బాధ్యత నిర్ణయించినది. చట్టము ఎట్లున్నను ఆ ఆలోచన అందరికి పనికివచ్చునది. వెయ్యి నాటగా వంద బ్రతికిన ఊరికంటె, రెండువందలు నాటగా నూటడెబ్బది బ్రతికిన ఊరికే నీడ ఎక్కువ. గట్టు వెంట వట్టివేరు వంటి లోతైన వేళ్ళున్న గడ్డిని పెంచినచో మట్టి జారుట కొంత తగ్గును. ఏ చోటికి ఏ మొక్కయో చెప్పని వాగ్దానము సగము వాగ్దానము మాత్రమే.

రెండు ఊళ్ళ అనుభవము

మహారాష్ట్రలోని హివరే బజార్ వానలు తక్కువైన చిన్న ఊరు. 1989లో సర్పంచ్‌గా ఎన్నికైన పోపట్‌రావ్ పవార్ నాయకత్వమున అచ్చటివారు వాన నీటిని కట్టడి చేసి, సేద్యమునకు లోతైన బోరుబావులను మానుకొనిరి. ప్రతి సంవత్సరము పడిన వానను కొలిచి, ఉన్న నీటిని బట్టి ఏ పంట వేయవలెనో గ్రామసభలో నిర్ణయించు పద్ధతిని అలవరచుకొనిరి. ఆ ఊరి విజయమునకు మూలము అద్భుతము కాదు. కొలత, కట్టుబాటు అను రెండే.

కేరళలోని పెరుమాట్టి పంచాయతీ కథ వేరు. ప్లాచిమడ గ్రామములోని కోకా-కోలా కర్మాగారము భూగర్భజలమును అధికముగా తోడుచున్నదని ప్రజలు ఆందోళన చేయగా, పంచాయతీ 2003 ఏప్రిల్‌లో దాని లైసెన్సును పునరుద్ధరించుటకు నిరాకరించినది. 2004 మార్చిలో కర్మాగారము ఆగిపోయినది. 2003 డిసెంబరులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ప్రజల నీటిహక్కును బలపరచగా, 2005 ఏప్రిల్‌లో అదే కోర్టులోని ధర్మాసనము వేరొక నిర్ణయము చేసినది. పంచాయతీ మాటకు బలమున్నదని, ఆ బలమునకు హద్దు కూడ ఉన్నదని ఈ కథ తెలుపుచున్నది. వివాదము కోర్టుకు చేరినప్పుడు అంకెలు, నమూనాలు, తేదీలు ఉన్నవారి మాటకే నిలుకడ.

డబ్బు, గ్రామసభ

వాగ్దానము నెరవేరుటకు ధనము కావలెను. 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు సూచించిన గ్రాంటులో నూటికి 60 పాళ్ళు రెండు పనులకే ముడివేయబడినవి. అందులో సగము పారిశుద్ధ్యమునకు, సగము త్రాగునీటికి, వాననీటి నిలువకు. అనగా ఆ కాలమున పంచాయతీకి వచ్చిన ఈ ధనములో పెద్దభాగము పరిసరముల కొరకే ఉద్దేశింపబడినది. దానిని దేనికి ఎంత ఖర్చు చేసినారో అడుగు హక్కు ఓటరుకు కలదు. గ్రామసభ ఏటా కనీసము రెండు పర్యాయములు జరుగవలెను. పద్దు చదువుట, వచ్చు సంవత్సరపు ప్రణాళికను నిర్ణయించుట అచ్చటనే. ఎన్నికల దినమున ఓటు వేసి గ్రామసభకు పోనివారు, విత్తనము చల్లి నీరు పెట్టని రైతు వంటివారు.

మూడు ప్రశ్నలు

పైన చెప్పినదంతయు మూడు ప్రశ్నలలో ఇమిడియున్నది. మొదటిది: ఈ పని ఎవరి అధికారములోనిది? రెండవది: పని జరిగినదని ఏ కొలతతో తెలియును? మూడవది: ధనము ఎచ్చటినుండి వచ్చును, ఆ తరువాత దానిని ఎవరు నడుపుదురు? మూడింటికి సమాధానము చెప్పగల వాగ్దానము చిన్నదైనను విలువైనది. ఒక్కదానికి కూడ చెప్పలేనిది ఎంత పెద్దదైనను తూకము లేనిదే.

ఉపాధ్యాయులు ఈ విషయమును ఏ అభ్యర్థి పక్షమును వహింపకుండ తరగతిలో బోధింపవచ్చును. చివరి కుళాయిలో క్లోరిన్ కొలుచుట రసాయనశాస్త్రము. పది ఇండ్ల చెత్తను తూచి సగటు తీయుట గణితము. బావి నీటిమట్టమును నెలనెల గీతపటముగా గీయుట భూగోళము. దోమ జీవితచక్రము జీవశాస్త్రము. పంచాయతీ అధికారములు పౌరశాస్త్రము. ఒక సంవత్సరము పాటు విద్యార్థులు ఈ అంకెలు వ్రాసియుంచినచో ఎన్నికలు వచ్చునాటికి ఊరి పరిసరములకు ఒక చరిత్ర సిద్ధమగును. అప్పుడు అభ్యర్థులు ఎవరైనను ఆ పుస్తకమును ముందుంచుకొనియే మాట్లాడవలసివచ్చును.

పట్టిసీమ ముందు ప్రవహించు గోదావరి 1,465 కిలోమీటర్ల నది. దానిని ఒక పంచాయతీ శాసింపజాలదు. కాని ఆ నది నీటిని త్రాగు బిడ్డకు విరేచనములు రాకుండ చూచుట, ఆ నదిలోనికి ఊరి చెత్త పోకుండ ఆపుట, వరద వచ్చు రాత్రి ఎవరిని ముందుగా లేపవలెనో వ్రాసి ఉంచుట పంచాయతీ చేయగల పనులే. ఓటు అడుగవచ్చిన వారిని వీనిని గూర్చియే అడుగవలెను.